మోనాంగహీలా ఒడ్డున స్టీల్ కర్టెన్

కూతురి ఇంటికి వచ్చినప్పుడల్లా పెన్‌హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లడం మాకు ఆనవాయితీ. ఈసారి హైవే మీద బండ్లు నిలిచిపోవడంతో అల్లుడు కారును బ్రాడక్ మీదుగా మళ్లించాడు. ఎడ్గర్ థామ్సన్ ఉక్కు కర్మాగారం పక్కనుంచి వెళ్తుండగా, కిటికీ అద్దం పైకెత్తేలోపే గంధకమూ తడిసిన బూడిదా కాలిన ఇనుమూ కలిసిన ఆ వాసన లోపలికి వచ్చేసింది. వెనక సీట్లో మనవరాలు ముక్కు మూసుకుంది. నా భార్య మాత్రం నావైపు తిరిగి, "ఏమండీ, ఆదివారం వాసన" అంది.

ఆ మాట కారులో మా ఇద్దరికి తప్ప ఎవరికీ అర్థం కాలేదు. శనివారం రాత్రి షిఫ్టు ముగించుకొని, ఆ వాసన పట్టిన కోటును వాకిట్లోనే విప్పి తగిలించి, రెండు మూడు గంటలు నిద్రపోయి, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా టీవీ ముందు కూర్చోవడం ఒకప్పటి మా ఆదివారం. అన్నం, పప్పు పళ్లేల్లో పెట్టుకొని సోఫాలోనే తినేవాళ్లం. మేము చూసింది పిట్స్‌బర్గ్ ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్ ఆటను అనడంకంటే, ఎదుటి జట్టును అడ్డుకునే ముందు వరుసలోని నలుగురిని అనడమే నిజం. ఆ వరుసకే స్టీల్ కర్టెన్ అని పేరు. జో గ్రీన్, ఎల్.సి. గ్రీన్‌వుడ్, ఎర్నీ హోమ్స్, డ్వైట్ వైట్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏ నలుగురి వరుస గొప్పదన్న వాదన నేటికీ తెగలేదు కానీ, ఆ నదుల ఊళ్లో ఉన్న మాకు అప్పట్లో అది వాదించవలసిన విషయంగా తోచేది కాదు.

*

విశాఖపట్నంలో నేను చదువుకునే రోజుల్లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న నినాదం గోడలమీదా గొంతుల్లోనూ ఉండేది. లోహశాస్త్రంలో పట్టా చేతికి వచ్చేసరికి మాత్రం అక్కడ శంకుస్థాపన రాయి తప్ప కొలిమి లేదు. అందుకని ఉక్కు ఎక్కడ ఉంటే అక్కడికే పోదామని పై చదువుకు పిట్స్‌బర్గ్ వచ్చాను. చదువయ్యాక మోనాంగహీలా నది ఒడ్డున ఒక మిల్లు ప్రయోగశాలలో ఉద్యోగం దొరికింది. కొలిమి దగ్గర పొడవాటి కడ్డీకి తగిలించిన గరిటెతో కరిగిన ఉక్కును కొంచెం తీసి, చిన్న అచ్చులో పోసి, చల్లారీ చల్లారకముందే గాలి గొట్టంలో పెట్టి మాకు పంపేవారు. ఆ డబ్బా గొట్టంలో దడదడలాడుతూ వచ్చి మా బల్ల పక్కన ధడాలున పడేది. ఆ బిళ్లను సానబట్టి, అందులో కర్బనం ఎంత, మాంగనీసు ఎంత, గంధకం ఎంత అన్నది నిమిషాల్లో తేల్చి ఫోన్‌లో చెప్పాలి. అవతల వందల టన్నుల ఉక్కు మా అంకెల కోసం ఉడుకుతూ ఉండేది.

ఫోనుకు అవతల ఉండే ఫోర్‌మన్ స్లోవాక్ కుటుంబానికి చెందిన మనిషి. వాళ్ల నాన్నా తాతా అదే కొలిమి దగ్గర పనిచేశారట. మొదట్లో నా ఇంగ్లీషు ఆయనకూ ఆయన ఇంగ్లీషు నాకూ అర్థమయ్యేవి కావు. అంకెలు చెప్పడం అయ్యాక, సోమవారాల్లో మాత్రం, ఆయన ఫోన్ పెట్టేసేవాడు కాదు. నిన్నటి ఆటలో గ్రీన్ ఎవరిని ఎలా పడగొట్టాడో, హోమ్స్ ఎవరి నడుం విరిచినంత పనిచేశాడో చెప్పుకుంటూ పోయేవాడు. నాకు ఒక్క ముక్క బోధపడేది కాదు. అది గ్రహించి ఒకరోజు భోజన విరామంలో తన డబ్బా పట్టుకొని మా ప్రయోగశాలకే వచ్చాడు.

బల్లమీద పరీక్ష అయిపోయిన ఉక్కు బిళ్లలు కుప్పగా ఉన్నాయి. వాటిలో ఐదింటిని ఒక వరుసలో పేర్చాడు. మధ్యలోది సెంటర్, అటూ ఇటూ గార్డులు, వాళ్లకు అటూ ఇటూ టాకిల్స్. వీళ్ల వెనక ఇంకో బిళ్ల, బంతి అందుకొని విసిరే క్వార్టర్‌బ్యాక్. ఎదురుగా నాలుగు బిళ్లలు. ఈ నాలుగూ ఆ ఐదింటిని దాటి వెనక ఉన్నవాడిని పట్టుకోవాలి, లేదా బంతి పట్టుకొని పరుగెత్తేవాడికి సందు దొరక్కుండా చేయాలి. చెడుగుడు ఆడి పెరిగినవాణ్ణి కనుక గీత దగ్గర కాళ్లు నిలదొక్కుకోవడం, ఎదుటివాడి బరువును వాడిమీదికే తిప్పడం అంటే ఏమిటో నాకు చప్పున తెలిసింది.

అప్పుడు ఆయన గ్రీన్ బిళ్లను కొంచెం ఏటవాలుగా తిప్పి, సెంటర్‌కూ గార్డుకూ మధ్య సందులోకి నెట్టాడు. అందరూ ఎదురెదురుగా నిలబడే చోట గ్రీన్ అలా పక్కవాటుగా, నేలకు దాదాపు ఆనుకున్నట్టు వంగి కూర్చునేవాడు. అలా కూర్చుంటే సెంటరూ గార్డూ ఇద్దరూ అతణ్ణే ఆపాల్సి వస్తుంది. ఇద్దరూ అతనితో చిక్కుకుంటే వెనక ఉన్న మిడిల్ లైన్‌బ్యాకర్ జాక్ లాంబర్ట్‌ను ఆపేందుకు మనిషి మిగలడు. లాంబర్ట్ ఖాళీగా వచ్చి బంతి ఉన్నవాణ్ణి పడగొడతాడు. మర్నాడు పత్రికలో లాంబర్ట్ పేరు వస్తుంది. 1974 సీజన్ చివర్లో లైన్ కోచ్ జార్జ్ పెర్లెస్ హయాంలో మొదలైన ఏర్పాటు ఇది. ఆ డిసెంబరు ఆఖరులో ఓక్లాండ్‌లో జరిగిన కాన్ఫరెన్స్ ఫైనల్లో, బంతితో పరుగెత్తడంలో పేరుపడ్డ రైడర్స్ జట్టును ఆ పద్ధతితోనే మొత్తం ఆటలో 29 గజాల పరుగుకు కట్టడి చేశారు.

వెళ్తూ వెళ్తూ ఆయన ఒక సలహా ఇచ్చాడు. బంతి ఎక్కడుందో ఎవరికైనా కనిపిస్తుంది, బంతి కదిలిన మొదటి రెండు సెకన్లు దాన్ని చూడకుండా గీతమీద ఉన్నవాళ్లనే చూడగలిగితే ఆ తర్వాత ఏం జరుగుతుందో నువ్వే ముందుగా చెప్పగలవు అన్నాడు. టీవీ కెమెరా ఎప్పుడూ బంతి వెంటే పోతుంది కాబట్టి అలా చూడటానికి కళ్లకు బాగా సాధన కావాలి. నాకు చాలా వారాలు పట్టింది. నా భార్యకు మాత్రం ఇట్టే వచ్చేసింది. ఆమెకు బంతిమీద మొదటినుంచీ ఆసక్తి లేదు.

*

మాతో పనిచేసేవాళ్లు ఆట చూసే పద్ధతి ఒకటుండేది. టీవీ శబ్దం పూర్తిగా తగ్గించేసి, పక్కన రేడియో పెట్టి మైరన్ కోప్ వ్యాఖ్యానం వినేవారు. కోప్ గొంతు రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుండేది. స్టీలర్స్ ఏదైనా గొప్ప పని చేస్తే "యోయ్" అనీ, ఇంకా గొప్ప పని చేస్తే "డబుల్ యోయ్" అనీ అరిచేవాడు. 1975 ప్లేఆఫ్స్, అంటే సీజన్ చివర ఓడినవాళ్లు ఇంటికి పోయే ఆటల సమయంలో, అందరూ పసుపు తువ్వాళ్లు తెచ్చి ఊపండని రేడియోలో పిలుపిచ్చింది ఆయనే. మా వీధిలో దుకాణాల్లో పసుపు తువ్వాలు దొరక్క కొందరు తెల్లవాటికి ఇళ్లలో రంగు వేసుకున్నారు. పసుపు రంగు వేయడంలో మా ఆవిడ సలహా అడగడానికి పక్కింటావిడ వచ్చింది. వంటింట్లో పసుపు డబ్బా ఉన్నదన్న సంగతి ఆమెకు ఎలా తెలిసిందో మరి.

నేను వచ్చేసరికి పాత నిషేధం పోయింది. అంతకు ముందు సొంత ఊళ్లో జరిగే ఆటను చుట్టూ 75 మైళ్ల లోపల టీవీలో చూపించేవారు కాదు. 1972 డిసెంబరు 23న ఓక్లాండ్ మీద ఆఖరి క్షణాల్లో ఫ్రాంకో హ్యారిస్ నేలకు తాకబోయే బంతిని అందుకొని పరుగెత్తిన ఆ ప్రసిద్ధ ఆట కూడా పిట్స్‌బర్గ్ ఇళ్లలో కనిపించలేదు. నాలుగు దశాబ్దాల జట్టు చరిత్రలో అదే మొదటి ప్లేఆఫ్ విజయం. మా ఫోర్‌మన్ ఆ రోజు షిఫ్టులో ఉన్నాడట. కొలిమి పక్కన ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకొని విన్నానని ఆయన చెప్పినప్పుడు, ఆ మోతలో ఏం వినిపించి ఉంటుందా అని నాకు అనుమానం వచ్చేది కానీ అడగలేదు. మరుసటి ఏడాది వచ్చిన చట్టంతో, టిక్కెట్లన్నీ మూడు రోజుల ముందే అమ్ముడుపోతే స్థానికంగా చూపించడం మొదలైంది. మా ఊళ్లో టిక్కెట్లు మిగలడమన్న ప్రశ్నే లేదు.

*

ఆ నలుగురూ ఎక్కడినుంచి వచ్చారన్నది మిల్లులో నల్లజాతి కార్మికులు మరీ ఇష్టంగా చెప్పుకునేవారు. కళాశాల ఆటగాళ్లను జట్లు ఏటా వంతులవారీగా ఎంచుకుంటాయి. 1969లో కోచ్‌గా వచ్చిన చక్ నోల్ మొదటి ఎంపికగా నార్త్ టెక్సస్ స్టేట్ నుంచి జో గ్రీన్‌ను తీసుకుంటే, "ఎవరీ జో గ్రీన్?" అని స్థానిక పత్రిక శీర్షిక పెట్టింది. ఆ ఏడాది జట్టు గెలిచింది ఒకే ఒక్క ఆట, ఓడింది పదమూడు. అదే ఎంపికల్లో పదో రౌండులో, అంటే దాదాపు ఎవరూ పట్టించుకోని చోట, ఆర్కాన్సాలోని ఒక నల్లజాతి కళాశాల నుంచి గ్రీన్‌వుడ్ వచ్చాడు. 1971లో ఈస్ట్ టెక్సస్ స్టేట్ నుంచి నాలుగో రౌండులో వైట్, టెక్సస్ సదరన్ నుంచి ఎనిమిదో రౌండులో హోమ్స్ వచ్చారు.

దీని వెనక బిల్ నన్ అనే పెద్దమనిషి ఉన్నాడు. ఆయన పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతి వారపత్రికకు క్రీడా సంపాదకుడు. దక్షిణాది నల్లజాతి కళాశాలల ఆటగాళ్లలో ఉత్తములను ఏటా ఎంపిక చేసి తన పత్రికలో ప్రకటించేవాడు. మిగతా జట్లు ఆ కళాశాలల వైపు సరిగా చూడని రోజుల్లో స్టీలర్స్ యజమాని రూనీ కుటుంబం ఆయన్ను తమ జట్టుకు ఆటగాళ్లను వెతికే పనిలో పెట్టుకుంది. గ్రీన్‌వుడ్, హోమ్స్ లాంటివాళ్లు అలా దొరికినవాళ్లే. నన్‌ను 2021లో కాంటన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి, అంటే ఫుట్‌బాల్ ప్రముఖుల గౌరవ మందిరంలోకి తీసుకున్నారు. అప్పటికి ఆయన పోయి ఏళ్లయింది.

నలుగురిలో ఒకరి తీరు ఒకరికి లేదు. గ్రీన్ కోపం మైదానమంతా కనిపించేది. గ్రీన్‌వుడ్ ఆరడుగుల ఆరంగుళాల పొడగరి, ఎడమ అంచున నిలబడి చేతులెత్తితే అవతలివాడు విసిరిన బంతి ఆ అరచేతులకు తగిలి కిందపడేది. కాళ్లకు బంగారు రంగు బూట్లు వేసుకునేవాడు. లీగ్ జరిమానా వేసినా మానలేదు. దూరంనుంచి మా పాత టీవీలో కూడా ఆ బూట్లు పట్టించేసేవి. వైట్ నోరు ఆగేది కాదు, ఎదుటివాణ్ణి మాటలతోనే సగం అలసిపోయేలా చేసేవాడని చెప్పేవారు. హోమ్స్ ఒక సీజన్‌లో తల గొరిగించుకొని నడినెత్తిన బాణం ఆకారంలో మాత్రం జుట్టు మిగుల్చుకున్నాడు. ఆ బాణం మొన ముందుకు, అంటే క్వార్టర్‌బ్యాక్ వైపుకు చూస్తూ ఉండేది. అతని జీవితంలో గడ్డు కాలం కూడా వచ్చింది. 1973లో మానసికంగా కుంగిపోయి తుపాకీతో కాల్పులు జరిపిన కేసులో చిక్కుకున్నప్పుడు, వైద్యం చేయించి మళ్లీ మైదానంలోకి తెచ్చుకుంది రూనీ కుటుంబమే. మా మిల్లులో ఆర్ట్ రూనీ ముసలాయనను ఎవరూ పల్లెత్తు మాట అనకపోవడానికి ఇది ఒక కారణం.

*

1975 జనవరి 12న న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన సూపర్ బౌల్, అంటే లీగ్ కప్పు కోసం ఆడే ఆఖరి ఆట, నాకు బాగా గుర్తున్న మొదటి పెద్ద ఆట. కొత్త సూపర్‌డోమ్ పూర్తికాకపోవడంతో పాత టులేన్ స్టేడియంలో, చలిలో, తడిసిన నేలమీద ఆడారు. ఎదురుగా మిన్నెసోటా వైకింగ్స్. వాళ్లకూ పేరుమోసిన వరుస ఉంది. పర్పుల్ పీపుల్ ఈటర్స్ అని పిలిచేవారు. అందులోని అలన్ పేజ్ 1971లో లీగ్ మొత్తానికి అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికయ్యాడు. డిఫెన్స్‌లో ఆడేవాడికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. తర్వాత ఆయన న్యాయశాస్త్రం చదివి మిన్నెసోటా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. ఆ జట్టులోనే కార్ల్ ఎల్లర్, ఒక్క ఆటా మానని జిమ్ మార్షల్ ఉన్నారు.

ఆ వారమంతా డ్వైట్ వైట్ న్యుమోనియాతో ఆసుపత్రిలో పడి ఉన్నాడు. పద్దెనిమిది పౌన్ల బరువు తగ్గాడు. ఆడతాడని ఎవరూ అనుకోలేదు. ఆదివారం పొద్దున లేచి వచ్చి, ఆట మొదటినుంచీ ఆడాడు. సగం ఆట గడిచేసరికి స్కోరు రెండు - సున్నా. ఆ రెండు పాయింట్లూ వైట్ తెచ్చినవే. వైకింగ్స్ క్వార్టర్‌బ్యాక్ ఫ్రాన్ టార్కెంటన్ జారిపోయిన బంతికోసం తన ఎండ్ జోన్‌లో, అంటే సొంత గోల్ గీత వెనక పడిపోగా, పైనుంచి తాకి రెండు పాయింట్ల సేఫ్టీ సాధించాడు. గ్రీన్ ఒక పాస్‌ను మధ్యలోనే అందుకున్నాడు, జారిన బంతిని ఒకటి దక్కించుకున్నాడు. వైకింగ్స్ మొత్తం ఆటలో పరుగెత్తి సంపాదించింది 17 గజాలు. నేనూ నా భార్యా ఆ మధ్యాహ్నం తెచ్చుకున్న జొన్నపేలాలు సగం నేలమీదే వేసుకున్నాం. 16 - 6తో స్టీలర్స్ గెలిచారు. కార్ల హారన్లు అర్ధరాత్రి దాటాక కూడా వినిపించాయి. రాత్రి షిఫ్టుకు వెళ్లినవాళ్లు ఇంటికి రాకముందే మళ్లీ మొదలయ్యాయి.

అదే ఏడాది డిసెంబరులో నలుగురి బొమ్మతో టైమ్ పత్రిక ముఖచిత్రం వేసింది. మా మిల్లు విశ్రాంతి గదిలో ఆ ముఖచిత్రాన్ని గోడకు అతికించారు. మసికి, చెమటకు నల్లబడిపోయినా తీయలేదు.

*

స్టేడియంలో ఆట చూసింది 1976 సీజన్లో. మొదటి ఐదు ఆటల్లో నాలుగు ఓడి, క్వార్టర్‌బ్యాక్ బ్రాడ్‌షా గాయపడి, ఇక అంతే అనుకున్న జట్టు ఆ తర్వాత తొమ్మిదింటికి తొమ్మిదీ గెలిచింది. ఆ తొమ్మిది ఆటల్లో ఎదుటి జట్లన్నీ కలిసి చేసినవి 28 పాయింట్లు. ఐదు ఆటల్లో అసలు సున్నాయే. ఈ నలుగురూ ఆడినవాటిలో అదే అత్యుత్తమమని నా అభిప్రాయం, ఆ ఏడాది కప్పు రాకపోయినా సరే. టాంపా బే అప్పుడే లీగ్‌లో చేరిన జట్టు, ఆ సీజన్‌లో ఒక్క ఆటా గెలవలేదు. అంత బలహీనమైన జట్టుతో ఆట ఏం చూస్తామని సీజన్ టిక్కెట్టున్న సహోద్యోగి ఒకాయన రెండు టిక్కెట్లు నా చేతిలో పెట్టాడు.

మూడు నదులు కలిసేచోట, గుండ్రటి సిమెంటు గిన్నెలా ఉండే త్రీ రివర్స్ స్టేడియం అది. మా సీట్లు చాలా ఎత్తున. కింద ఆటగాళ్ల ముఖాలు కనిపించవు. కానీ ఫోర్‌మన్ బిళ్లలతో చూపించిన బొమ్మ మొత్తం అక్కడినుంచి కనిపించింది. వరుసలో ఒక్కడు ఏటవాలుగా కూర్చోవడం, ఇద్దరు అతనివైపు లాగబడటం, ఆ పక్కన తలుపు తెరిచినట్టు ఖాళీ ఏర్పడటం, అందులోంచి నల్లచొక్కా ఒకటి దూసుకుపోవడం. శబ్దం మాత్రం ఊహించలేదు. బంతి కదలగానే భుజాలమీది కవచాలు ఢీకొన్న చప్పుడు చలిగాలిలో కొంచెం ఆలస్యంగా మా దాకా వచ్చేది. నా భార్య శాలువా మీద కోటు, కోటుమీద ఇంకో శాలువా కప్పుకొని, "గ్రీన్‌వుడ్ ఈసారి లోపలికి తిరుగుతాడు చూడండి" అని ముందే చెప్పింది. తిరిగాడు. మా ముందు వరుసలోని ముసలాయన వెనక్కి తిరిగి చీరలో ఉన్న ఆమెను ఒకసారి, నన్ను ఒకసారి చూసి, తన థర్మాస్‌లోని కాఫీ ఆమెకే ఇచ్చాడు. స్కోరు 42 - 0.

*

తర్వాత నిబంధనలు మారాయి. పాతతరం డిఫెన్స్ ఆటగాళ్లకు ఆయుధంలా ఉండిన హెడ్ స్లాప్, అంటే శిరస్త్రాణం మీద అరచేత్తో కొట్టి ఎదుటివాణ్ణి దిమ్మెరపోయేలా చేయడం, 1977లో నిషిద్ధమైంది. 1960ల లాస్ ఏంజెలెస్ రామ్స్ వరుసలో ఆడిన డీకన్ జోన్స్ దానికి పెట్టింది పేరు. 1978లో క్వార్టర్‌బ్యాక్‌కు కాపలాగా అడ్డుకునేవాళ్లు చేతులు చాచి అరచేతులతో నెట్టవచ్చన్నారు. ఆట పాస్‌ల వైపు తిరిగింది. హోమ్స్ అదే ఏడాది వేరే జట్టుకు వెళ్లిపోయాడు. ఆ నలుగురూ కలిసి గెలిచిన సూపర్ బౌల్స్ రెండే. జట్టు ఆ తర్వాత గెలిచిన మరో రెండింటికి వరుస మారిపోయింది. క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడాన్ని శాక్ అంటారు. ఆటగాళ్ల శాక్‌ల లెక్కను లీగ్ అధికారికంగా రాయడం మొదలుపెట్టింది 1982లో. గ్రీన్, గ్రీన్‌వుడ్ దానికి ముందే తప్పుకున్నారు. న్యూయార్క్ జెట్స్ వరుసను శాక్ ఎక్స్‌ఛేంజ్ అని పత్రికలు ఆకాశానికెత్తిన రోజుల్లో మా ఫోర్‌మన్ బాధ ఇదే. వాళ్ల అంకెలు పుస్తకంలో ఉంటాయి, మనవాళ్లవి ఉండవు అనేవాడు.

గ్రీన్ ఆడిన చివరి ఏళ్లలో వచ్చిన కోకాకోలా ప్రకటన ప్రపంచమంతా చూసింది. దెబ్బ తగిలి కుంటుతూ వెళ్లే గ్రీన్‌కు ఒక చిన్నపిల్లవాడు కోక్ ఇస్తే, ఆయన గటగటా తాగి తన చొక్కా పిల్లవాడికి విసరడం. చిత్రీకరణలో ఆయన పద్దెనిమిది సీసాలు తాగాల్సి వచ్చిందట. నా భార్య అది వచ్చినప్పుడల్లా, పాపం, ఇన్నేళ్లలో ఆయనకు ఎవరూ మంచినీళ్లైనా ఇచ్చినట్టు లేదు, అందుకే అంత కోపంగా ఉండేవాడు అనేది.

మిల్లులో మనుషులను తగ్గించడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. మొదట ఒక షిఫ్టు పోయింది, తర్వాత ఒక కొలిమి. మా ప్రయోగశాల మూతపడుతుందని నోటీసు బోర్డుమీద అతికించిన కాగితం చూసి తెలుసుకున్నాం. ఎవరూ వచ్చి చెప్పలేదు. కొంతకాలానికి నేను విశాఖకు తిరిగి వచ్చి, అప్పటికి లేస్తున్న ఉక్కు కర్మాగారంలో చేరాను. ఫోర్‌మన్ మాత్రం అక్కడే ఉండిపోయాడు. నేను వెళ్లేముందు ఏవో రెండు బిళ్లలు నా జేబులో వేసి, గ్రీన్, గ్రీన్‌వుడ్ అన్నాడు. విమానాశ్రయంలో వాటిని ఏమిటని అడిగితే చెప్పడం కష్టమైంది.

*

హోమ్స్, వైట్ ఇద్దరూ 2008లోనే పోయారు. హోమ్స్ టెక్సస్‌లో మతబోధకుడిగా స్థిరపడ్డాక కారు ప్రమాదంలో, వైట్ వెన్ను శస్త్రచికిత్స తర్వాత. 2013లో గ్రీన్‌వుడ్ మూత్రపిండాల జబ్బుతో వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది గ్రీన్ ధరించిన 75వ నంబరును ఇకపై ఎవరికీ ఇవ్వకుండా జట్టు పక్కన పెట్టింది. హాల్ ఆఫ్ ఫేమ్‌లో గ్రీన్ 1987 నుంచి ఉన్నాడు. గ్రీన్‌వుడ్ ఆరుసార్లు తుది జాబితాదాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. ఆ జట్టునుంచి ఇప్పటికే చాలామందిని తీసుకున్నామన్నది ఎంపిక చేసేవాళ్ల మనసులో ఉంటుందని పిట్స్‌బర్గ్‌లో అందరూ అనుకుంటారు. సూపర్ బౌల్‌లో డల్లాస్ క్వార్టర్‌బ్యాక్ రోజర్ స్టాబక్ లాంటివాణ్ణి పదేపదే నేలకు పడగొట్టిన మనిషికి అది సరిపడే కారణమని నేను ఒప్పుకోను.

హోమ్‌స్టెడ్‌లో మిల్లు ఉన్నచోట ఇప్పుడు దుకాణాల సముదాయం ఉంది. పాత పొగగొట్టాలను మాత్రం ఒక వరుసలో అలాగే నిలబెట్టారు. గుడినుంచి వస్తూ అక్కడే భోజనం చేశాం. గోడమీది టీవీలో ఏదో పాత ఆట చూపిస్తున్నారు. అల్లుడు బంతి విసిరినవాణ్ణి మెచ్చుకుంటుంటే, నా భార్య పులిహోర పొట్లం విప్పుతూ ఎడమ అంచున ఉన్న టాకిల్ బంతికంటే ముందే కదిలాడని, తప్పు చూపే రిఫరీ జెండా పడుతుందని చెప్పింది. పడింది.